చదువు, కొలువు, సొంత కంపెనీ: ఒక్క మనిషి, మూడు కాడెలు
మలక్‌పేట దారిలో మన పల్లెల కంప్యూటర్ పట్టభద్రుల పాట్లు

మలక్‌పేట: మన రైతుకు మలక్‌పేట అంటే గంజు. ఉల్లిగడ్డ బస్తాలు, మిర్చి ఘాటు, కాంటా దగ్గర గొడవ, చివరికి చేతికొచ్చే తక్‌పట్టీ. ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల, కందుకూరు వైపు నుంచి సరుకు తీసుకుని వచ్చిన తాతలకు ఈ రోడ్డు కొత్త కాదు.

ఇప్పుడు వాళ్ల మనవలు, మనవరాళ్లు అదే రోడ్డున వస్తున్నారు. నెత్తిన బస్తా లేదు. వీపున సంచి, సంచిలో ల్యాప్‌టాప్. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వరసగా వెలసిన ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివి, పట్టా పుచ్చుకుని, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ హాస్టళ్లలో మకాం పెడుతున్నారు.

పట్టా చేతికి రాగానే కథ అయిపోలేదు. కొందరు ఎం.టెక్., ఎం.సి.ఎ. చదవాలనుకుంటున్నారు. ఇల్లు గడవాలి కాబట్టి కొలువు కూడా చేయాలి. ఇవి రెండూ చాలవన్నట్టు మూడో కోరిక ఒకటి మొలుస్తోంది. ఎవరి కిందా పనిచేయకుండా తానే ఒక కంపెనీ పెట్టాలి. దీన్నే స్టార్టప్ అంటున్నారు. పత్రికల్లో అంకుర సంస్థ అని రాస్తున్నారు.

మూడూ మంచి కోరికలే. తప్పు పట్టవలసింది ఏదీ లేదు. కానీ ఒకే బోరు నీళ్లతో ఒకే కారులో వరి, చెరకు, మిర్చి మూడూ పండించాలంటే ఏమవుతుందో మన రైతుకు ఒకరు చెప్పనక్కర లేదు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు కట్టాలో తెలిసినవాడే గట్టెక్కుతాడు.

తూర్పున పడక, పడమట పని

హైదరాబాద్‌లో కంప్యూటర్ కొలువులు పడమటి దిక్కున పేరుకున్నాయి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ తరువాత కంపెనీలు దాని చుట్టూ గచ్చిబౌలి, రాయదుర్గం వరకు అల్లుకుపోయాయి. మన పిల్లలు మాత్రం తూర్పున ఉంటారు. ఊరి బస్సు దిగేది ఇక్కడే. అద్దె అక్కడికంటే ఇక్కడ చవక. శిక్షణ కేంద్రాలూ ఇక్కడే. ఆదివారం ఇంటికి పోయి రావాలన్నా ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే చాలు.

మెట్రో రైలు వచ్చాక దూరం కొంత తగ్గింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైలు నడిచింది. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి దారి కలిసింది. మలక్‌పేటలో ఎక్కి అమీర్‌పేటలో మారితే పడమటికి చేరవచ్చు. అయినా హాస్టల్ గుమ్మం నుంచి ఆఫీసు బల్ల దాకా లెక్కవేస్తే గంట పైమాటే.

తూర్పు వైపు అసలే పనిలేదని కాదు. మన ఆదిబట్లలో టీసీఎస్ కేంద్రం ఉంది. పోచారంలో ఇన్ఫోసిస్, ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్ ఉన్నాయి. ఐటీని నగరం నాలుగు వైపులా పంచాలని 2020లో రాష్ట్ర ప్రభుత్వం గ్రిడ్ పేరుతో ఒక విధానం తెచ్చింది. 2023 అక్టోబరులో మలక్‌పేటలోనే ఐటీ టవర్‌కు శంకుస్థాపన చేశారు. శంకుస్థాపన రాయి జీతం ఇవ్వదు. కాబట్టి ఎవరి ప్రయాణం వారు లెక్కవేసుకోవలసిందే.

వారానికి 168 గంటలు

అసలు చిక్కు డబ్బుది కాదు, పొద్దుది. రోజుకు 24 గంటలు, వారానికి 168. లక్షాధికారికైనా, బిక్షాధికారికైనా ఇంతే. దీన్ని ఎలా పంచుకోవాలో కాగితం మీద వేసి చూద్దాం.

రోజుకు ఏడు గంటల నిద్ర అంటే వారానికి 49 గంటలు. భోజన విరామంతో కలిపి రోజుకు తొమ్మిది గంటల ఆఫీసు, అయిదు రోజులు: 45. పోను రాను రోజుకు మూడు గంటలు, అయిదు రోజులు: 15. స్నానం, తిండి, బట్టలు ఉతుక్కోవడం రోజుకు రెండు గంటలు: 14. మొత్తం 123 అయింది. మిగిలింది 45.

ఇందులో పీజీ చదువు. నాలుగు సబ్జెక్టులు, ఒక్కో దానికి వారానికి రెండు గంటల పాఠం: 8 గంటలు. ఒక గంట పాఠానికి రెండు గంటలు సొంతంగా చదివితేనే తలకెక్కుతుంది. అంటే ఇంకో 16. ఇప్పుడు మిగిలింది 21 గంటలు.

ఈ 21 గంటల్లోనే ఇంటికి ఫోను, ఊరి ప్రయాణం, పెళ్లిళ్లు, జ్వరాలు, ఆఫీసులో అదనపు పని అన్నీ ఇమడాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా సొంత కంపెనీకి పదిహేను గంటలకు మించి దొరకదు. పొద్దంతా అదే పని చేసేవాడు వారానికి 45 గంటలు పెడతాడు. అతడు ఏడాదిలో చేసేది మీకు మూడేళ్లు పడుతుంది. పరీక్షల నెలలో ఆ పదిహేను కూడా ఉండవు.

ఈ లెక్క తెలియనివారు ముందుగా నిద్రను కోస్తారు. రెండు వారాలు బాగానే ఉంటుంది. మూడో వారం ఆఫీసులో తప్పులు, తరగతిలో కునుకు, ఇంట్లో చిరాకు. నిద్ర అప్పు కూడా షావుకారు అప్పు లాంటిదే. వడ్డీతో వసూలు చేస్తుంది.

ఏ చదువుకు ఏ తీరు

పీజీ అంటే అన్నీ ఒకటి కాదు. పని చేస్తూ చదవదగినవి కొన్ని, చదవలేనివి కొన్ని.

రెగ్యులర్ ఎం.టెక్. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. జేఎన్‌టీయూ నిబంధన ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. అనారోగ్యం వంటి కారణం చూపితే 65 శాతం దాకా మాఫీ చేస్తారు. పగలు ఆఫీసుకు పోయేవాడికి ఇది కుదరదు. కొందరు కాలేజీలో పేరు రాయించి, ఏడాదంతా కొలువు చేసి, హాజరు ఎలాగో సర్దుకోవచ్చనుకుంటారు. ఆ దారి ప్రమాదకరం. సర్టిఫికెట్ల తనిఖీలో ఒకే తేదీల్లో రెండు చోట్ల ఉన్నట్టు తేలితే కొలువుకూ ముప్పే, చదువుకూ ముప్పే.

గేట్ పరీక్షలో అర్హత సాధించి రెగ్యులర్‌గా చేరితే లాభం ఉంది. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కళాశాలల్లో నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఇచ్చే పథకం ఉంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అంటే పరీక్ష రాసి, ఒక ఏడాది కొలువు చేసి, తరువాత చేరినా నష్టం లేదు. ఉపకార వేతనం తీసుకుంటూ వేరే జీతం మాత్రం తీసుకోకూడదు.

ఉద్యోగస్తుల కోసమే నడిచే చదువులు వేరు. పిలానీ బిట్స్ సంస్థ 1979 నుంచి పని చేసేవారికి కోర్సులు నడుపుతోంది. వారాంతాల్లో పాఠాలు, చివరి సెమిస్టరులో ఆఫీసు పని మీదే ప్రాజెక్టు. యజమాని అంగీకార పత్రం కావాలి. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో కూడా ఉద్యోగంలో ఉన్నవారు పీజీ చేసే పథకం ఉంది. ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల ఉద్యోగస్తులకు పార్ట్‌టైం ఎం.ఈ. కోర్సులు నడిపింది. ఇలాంటి వాటికి ప్రవేశ ప్రకటన పడినప్పుడే రుసుము, తరగతుల వేళలు స్వయంగా కనుక్కోవాలి.

ఎం.సి.ఎ. ఒకప్పుడు మూడేళ్లు. 2020 నుంచి రెండేళ్లే. ఐసెట్ రాసి రెగ్యులర్‌గా చేరవచ్చు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్య ద్వారా చదవవచ్చు. దూరవిద్య మనకు కొత్తది కాదు. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్ కేంద్రంగా పుట్టింది. ఇప్పటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం అదే. దాని తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి తరువాత ఢిల్లీలో ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయానికీ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. పొలం పనులు, కొలువులు మానకుండా చదువుకునే దారి వేసింది తెలుగువాళ్లే.

పట్టా చెల్లుతుందా?

ఇక్కడే ఒక హెచ్చరిక. దూరవిద్యలో ఎం.సి.ఎ. ఉంది కదా, ఎం.టెక్. కూడా ఉంటుందని దళారులు నమ్మిస్తారు. నమ్మవద్దు. ఇంజినీరింగ్ పట్టాలను కరస్పాండెన్స్ పద్ధతిలో ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పు చెప్పింది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఇచ్చిన పట్టాలు ఆ తీర్పుతో చిక్కులో పడ్డాయి. డబ్బు పోయింది, ఏళ్లూ పోయాయి.

ఏ కోర్సులో చేరినా యూజీసీ, ఏఐసీటీఈ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థల వెబ్‌సైట్లలో చూసుకోవాలి. ఫ్లెక్సీ మీద రాసింది గుర్తింపు కాదు.

పట్టాతో పని లేకుండా విద్య మాత్రమే కావాలనుకునేవారికి ఇంకో దారి ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము. ఎం.టెక్. చదివే ఓపిక మనకుందా లేదా తేల్చుకోవడానికి ముందు ఒక సబ్జెక్టు ఇక్కడ పూర్తి చేసి చూడటం తెలివైన పని. పన్నెండు వారాల పాఠం దాటలేనివాడు రెండేళ్ల చదువుకు రుసుము కట్టకపోవడమే మేలు.

పైకం లెక్క

కొలువు మానేసి రెగ్యులర్‌గా చదివితే ఎంత పోతుంది? నెలకు 25,000 జీతం వస్తోందనుకుందాం. రెండేళ్లకు 6,00,000. గేట్ వేతనం 12,400 చొప్పున 24 నెలలకు 2,97,600. తేడా 3,02,400. దీనికి కాలేజీ రుసుము కలపాలి. ఈ మొత్తం మీ చదువు అసలు ధర. పట్టా వచ్చాక జీతంలో పెరిగే దానితో ఇది ఎన్నేళ్లలో తీరుతుందో చూసుకుని అడుగు వేయాలి.

గేట్ లేనివాడికి లెక్క ఇంకా బరువు. వేతనం ఉండదు. రుసుము చేతి నుంచి కట్టాలి. అలాంటివారికి కొలువు చేస్తూ వారాంతపు చదువే దిక్కు.

విద్యా రుణాలు ఉన్నాయి. 2024 నవంబరులో కేంద్రం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో చేరినవారికి హామీ లేకుండా రుణం ఇస్తారు. ఏటా 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీరు చేరబోయే కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందే బ్యాంకులో అడగాలి.

సొంత కంపెనీకి మాత్రం అప్పు తేవడం వేరే సంగతి. చదువు అప్పుకు పట్టా వస్తుంది. కంపెనీ అప్పుకు గ్యారంటీ ఏమీ లేదు. అంకుర సంస్థల్లో నిలిచేవి తక్కువ, ఆగిపోయేవి ఎక్కువ అని ఆ రంగంలో ఉన్నవారే ఒప్పుకుంటారు. కాబట్టి ఊళ్లో గుంట భూమి కూడా దీని కోసం కుదువ పెట్టకూడదు. ఆరు నెలల హాస్టల్, తిండి ఖర్చు బ్యాంకులో వేసుకున్న తరువాతే కొలువు మానే మాట ఎత్తాలి.

కొలువు కాగితం చదివారా?

కొలువులో చేరేటప్పుడు పది పేజీల కాగితం ఇస్తారు. చాలామంది జీతం అంకె చూసి చివర సంతకం పెడతారు. మధ్యలో ఉన్న రెండు షరతులు సొంత కంపెనీ పెట్టాలనుకునేవారు తప్పక చదవాలి.

ఒకటి, ఇక్కడ పనిచేస్తూ మరో పని చేయరాదన్న షరతు. 2022 సెప్టెంబరులో విప్రో సంస్థ పోటీ కంపెనీలకు పనిచేస్తున్నారన్న కారణంతో 300 మందిని తొలగించింది. ఇద్దరు యజమానులు భవిష్య నిధి కడితే రెండూ ఒకే ఖాతా నంబరు కింద కనబడతాయి. దాచాలనుకున్నా దాగదు.

రెండు, కొలువులో ఉండగా మీరు కనిపెట్టింది ఎవరిదన్న షరతు. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద, ఆఫీసు వేళల్లో రాసిన ప్రోగ్రాం ఆఫీసుదే అవుతుంది. పాలేరు దొర నాగలితో, దొర ఎడ్లతో దున్ని, పంట నాదంటే చెల్లదు కదా. సొంత పనికి సొంత యంత్రం, సొంత వేళ, సొంత ఖాతా ఉండాలి. అనుమానం ఉంటే యజమానిని ముందే రాతపూర్వకంగా అడగడం మంచిది.

కాలేజీ ప్రయోగశాలలో చేసిన పనికీ ఇదే చిక్కు. గూగుల్ సంగతే చూడండి. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చదువుతూ వెతుకులాట పద్ధతిని కనిపెట్టారు. ఆ పేటెంటు విశ్వవిద్యాలయానిది అయింది. 1998లో కంపెనీ పెట్టినప్పుడు స్టాన్‌ఫర్డ్‌కు వాటాలు ఇచ్చి వాడుకునే హక్కు తెచ్చుకున్నారు. ఆ వాటాలు అమ్మితే విశ్వవిద్యాలయానికి 33 కోట్ల 60 లక్షల డాలర్లు వచ్చాయి. వాళ్లిద్దరి పీహెచ్‌డీ మాత్రం పూర్తికాలేదు. మూడింటిలో ఒకటి వదలక తప్పలేదు.

మన దేశంలో కూడా విద్యార్థుల కంపెనీల కోసం 2019లో కేంద్రం ఒక విధానం ప్రకటించింది. కంపెనీ పనికి ఒక సెమిస్టరు లేదా ఒక ఏడాది విరామం ఇవ్వవచ్చని అందులో సూచించారు. అమలు చేయడం కాలేజీల చేతిలో ఉంది. చేరేముందే ప్రిన్సిపాల్‌ను అడిగి తెలుసుకోవాలి.

మనవాళ్లు నడిచిన దారి

చదువు, కొలువు, కొత్త పని మూడూ సాధించిన తెలుగువాళ్లు లేకపోలేదు. వాళ్లు ఎలా సాధించారో చూస్తే ఒక సంగతి తేలుతుంది. మూడూ ఒక్క రోజున నెత్తికెత్తుకోలేదు.

చిత్తూరు జిల్లా కాటూరు అనే పల్లెలో 1937లో పుట్టిన రాజ్‌రెడ్డి మద్రాసు గిండీలో 1958లో ఇంజినీరింగ్ ముగించారు. 1960లో ఆస్ట్రేలియాలో ఎం.టెక్. చేశారు. తరువాత మూడేళ్లు అక్కడే ఐబీఎం కంపెనీలో కొలువు. కంప్యూటర్ పని చేతికొచ్చాక మళ్లీ చదువు. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం. 2008లో పల్లె పిల్లల కోసం పెట్టిన రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయనే తొలి చాన్సలర్. బాసర ట్రిపుల్ ఐటీలో మన జిల్లా పిల్లలూ చదువుతున్నారు. చదువు, కొలువు, మళ్లీ చదువు. ఆయన దారి ఇది.

సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి యుగంధర్‌ది అనంతపురం జిల్లా బుక్కాపురం. అమెరికాలో మిల్వాకీలో 1990లో కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేశారు. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. కొలువు చేస్తూనే వారాంతాల్లో విమానంలో చికాగో వెళ్లి ఎంబీఏ పూర్తిచేశారు. 2014లో ఆ కంపెనీకే అధిపతి అయ్యారు. ఆయన కొలువు, చదువు కలిపి మోశారు. మూడో బరువు ఎత్తుకోలేదు.

సొంత కంపెనీ సంగతికి వస్తే ఫణీంద్ర సామ ఉన్నారు. నిజామాబాద్ ప్రాంతపువారు. బిట్స్‌లో చదివి బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేస్తున్నారు. 2005 దీపావళికి ఇంటికి పోదామంటే బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో ఎవరికీ తెలియని పరిస్థితి. ఇద్దరు స్నేహితులతో కలిసి బస్సు యజమానులను, ఏజెంట్లను కలిసి వ్యాపారం లోతు తెలుసుకున్నారు. 2006లో రెడ్‌బస్ మొదలైంది. 2013లో పెద్ద సంస్థ దాన్ని కొనుక్కుంది. 2018లో ఆయన తెలంగాణ ప్రభుత్వానికి నవకల్పనల ప్రధాన అధికారిగా పనిచేశారు. చదువు ముగిశాక, కొలువులో నిలదొక్కుకున్నాక పుట్టిన కంపెనీ అది.

ముగ్గురి దారులు వేరు. ఒకే కాలంలో రెండు బరువులకు మించి ఎవరూ మోయలేదు.

ఆడపిల్లకు గడువు తక్కువ

అబ్బాయి ఇరవై ఎనిమిదేళ్ల దాకా ప్రయత్నాలు చేస్తే పట్టుదల అంటారు. అమ్మాయి ఇరవై నాలుగు దాటి చదువుతానంటే ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుంది. కొలువు చేస్తూ పీజీ చదివే ఆడపిల్లకు వారానికి 168 గంటలతో పాటు ఈ గడియారం కూడా నెత్తిన టిక్కుటిక్కుమంటుంది. రాత్రి తొమ్మిది దాటి మెట్రో దిగి హాస్టల్ దాకా నడవడం ఇంకో భయం. మూడో బరువు ఎత్తుకోవాలంటే ఆమెకు ఇంటి అండ రెట్టింపు కావాలి.

మహిళలు కంపెనీ పెట్టడానికి సాయం చేసేందుకు 2018 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం వి హబ్ అనే సంస్థను నెలకొల్పింది. సలహాలు, శిక్షణ, పరిచయాలు అక్కడ దొరుకుతాయి. కానీ మొదటి సాయం ఇంటి నుంచే రావాలి. రెండేళ్ల గడువు ఇస్తాం, ఈ లోగా సంబంధాల ఊసెత్తం అని తల్లిదండ్రులు మాట ఇస్తే అదే పెద్ద పెట్టుబడి.

అమెరికా ఆశ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద నిలబడితే విదేశీ చదువుల బోర్డులు కనబడతాయి. అక్కడ చదువుతూ సంపాదించవచ్చు, ఆపైన కంపెనీ కూడా పెట్టవచ్చని చెప్పేవారున్నారు. నిబంధన అలా లేదు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు మాత్రమే పనిచేయవచ్చు. చదువు ముగిశాక ఏడాది పాటు పని అనుభవానికి అనుమతి. సైన్సు, ఇంజినీరింగ్ వారికి మరో రెండేళ్లు. అనుమతి లేని పని వీసాకే ఎసరు.

2019 జనవరి సంగతి గుర్తుంచుకోవాలి. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా ప్రభుత్వమే వల పన్ని ఒక ఉత్తుత్తి విశ్వవిద్యాలయం పెట్టింది. తరగతులు లేవు, పంతుళ్లు లేరు. పేరు రాయించుకుని కొలువు చేసుకోవచ్చని చేరినవారిలో 130 మందిని పట్టుకున్నారు. అందులో 129 మంది భారతీయులు. ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. హాజరు లేని పట్టా ఆశ ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర లేదు.

ఊరే పెట్టుబడి

అయితే సొంత కంపెనీ కోరికను చంపుకోవాలా? అక్కర లేదు. దాని వేళ, దాని కొలత తెలిస్తే చాలు.

వారానికి పదిహేను గంటలే ఉన్నవాడు పెద్ద యంత్రాంగం కట్టలేడు. ఒక చిన్న పని బాగా చేసి చూపగలడు. ఆ చిన్న పని ఏమిటన్న చోట పల్లె పిల్లవాడికి పట్నపు పిల్లవాడికి లేని బలం ఉంది. గంజులో ధర సాయంత్రానికి ఎందుకు పడిపోతుందో అతనికి తెలుసు. పాల కేంద్రంలో వెన్న శాతం దగ్గర తగాదా ఎందుకు వస్తుందో తెలుసు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు దగ్గరికి ఎవరు నడిచిపోతారో తెలుసు. ఏ పుస్తకంలోనూ లేని చదువు అది. రెడ్‌బస్ కూడా ఒక బస్సు టికెట్ బాధలోంచే పుట్టింది.

పీజీ ప్రాజెక్టును అలాంటి ఒక సమస్య మీద పెట్టుకుంటే చదువు, కొత్త పని రెండూ ఒకే గంటల్లో జరుగుతాయి. పది మంది రైతుల చేత, ఇద్దరు దుకాణదారుల చేత వాడించి చూడాలి. డబ్బిచ్చి వాడేవాడు ఒక్కడు దొరికినా అది కంపెనీకి మొదటి గింజ. ఎవరూ దొరక్కపోతే ప్రాజెక్టు మార్కులైనా మిగులుతాయి. నష్టం లేని సేద్యం.

గింజ మొలిచాక సాయం చేసే చోట్లు ఉన్నాయి. ట్రిపుల్ ఐటీలో 2008 నుంచి అంకుర సంస్థల కేంద్రం నడుస్తోంది. 2015 నవంబరులో అదే ఆవరణలో టీ హబ్ మొదలైంది. 2022 జూన్‌లో రాయదుర్గంలో దానికి కొత్త భవనం కట్టారు. అక్కడికి వెళ్లేటప్పుడు పవర్‌పాయింట్ బొమ్మల కంటే, వాడుతున్న నలుగురి పేర్లు చేతిలో ఉంటే విలువ ఎక్కువ.

ఇంటివాళ్లు అడగవలసిన మాటలు

పల్లెలో ఉన్న తల్లిదండ్రులకు కంప్యూటర్ తెలియకపోవచ్చు. సేద్యం తెలుసు, లెక్క తెలుసు. కొడుకో, కూతురో ఫోన్ చేసి ఎం.టెక్. చదువుతా, కొలువు చేస్తా, కంపెనీ పెడతా అంటే భయపడనక్కర లేదు, గుడ్డిగా మురిసిపోనక్కరా లేదు. కొన్ని మాటలు అడిగితే చాలు.

ఈ ఏడాది మూడింటిలో ఏది పెద్ద పని, ఏది చిన్న పని? రెండు పెద్ద పనులకు మించి చెబితే ఒకటి తగ్గించుకోమనాలి.

ఆ కాలేజీకి, ఆ కోర్సుకు గుర్తింపు ఉందా? ఉంటే కాగితం పంపమనాలి.

కొలువు కాగితంలో సొంత పని గురించి ఏం రాసి ఉంది? చదివి చెప్పమనాలి.

ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందా? లేకపోతే కొలువు మానవద్దనాలి.

ఎంత కాలం ప్రయత్నిస్తావు? తేదీ చెప్పమనాలి. ఆ తేదీకి కంపెనీ నిలవకపోతే మళ్లీ కొలువుకు పోవడం ఓటమి కాదని ముందే మాట ఇవ్వాలి. ఈ ఒక్క మాట ఇంటి నుంచి రానందుకే చాలామంది పిల్లలు ఆగిపోయిన పనిని దాచి, ఊరికి రావడం మానేసి, అప్పు మీద అప్పు చేస్తున్నారు. 2025లో టీసీఎస్ వంటి పెద్ద సంస్థే పన్నెండు వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. కొలువు పోవడం, మళ్లీ వెతుక్కోవడం ఈ రంగంలో అందరికీ వచ్చేదే.

చివరిగా ఇంకొకటి. నిద్ర పోతున్నావా అని అడగాలి. పండుగకు ఎప్పుడొస్తావన్న ప్రశ్న కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇది. ఒక పంట పోతే మరో కారు ఉంటుంది. ఒక సెమిస్టరు తప్పితే మరో ఏడాది రాసుకోవచ్చు. ఆరోగ్యం చెడితే మాత్రం మూడు కాడెలూ ఒకేసారి దింపవలసి వస్తుంది.